రెండు మూరలు

పేరులో చిలుక ఉంది. ఒంట్లో మాత్రం
బొటనవేలంత జినువాయి.
ప్యారట్ ఫించ్.
ఒళ్లంతా పచ్చ, మొహమూ తోకా ఎరుపు,
అద్దకంవాడు రెండు కొసలే ముంచి తీసినట్టు.
వీటికి గింజలు అమ్ముకునేదాన్ని నేను.
నాకు పక్షం లేదు. పక్షులు తింటే చాలు.

రోన్సెలో, నేతమిల్లు వెనక వీధిలో
నాకు రెండు ఖాతాలు.

ఓడియెల్ అటకమీద నలభై పెట్టెలు.
మూడు వైపులా సున్నంలాంటి తెలుపు, ముందు తీగలు.
ఒక్కోటి రెండు మూరల పొడుగు, మూరెడు లోతు.
ఒక్కోదానికీ ఒక కార్డు.
గుడ్డు ఏ రోజు, పిల్ల ఏ రోజు, కాలి ఉంగరం నంబరెంత.
నాలుగు తరాల వెనక ఎవరి తాత ఎవరో అతను చెప్పగలడు.
నా తాత పేరు నాకే సరిగా తెలీదు.

ఎదురింట్లో గోదెలీవ్.
ఒకప్పుడు టమాటాలు కాసిన గాజు ఇల్లు;
అద్దాలు పీకేసి వల బిగించింది.
లోపల వెదురుపొద, ఎండుగడ్డి, ఎలకలు.
ఏదీ రాసుకోదు.
"ఎన్నున్నాయి?" అంటే
"సాయంత్రం లెక్కపెడదాం" అంటుంది.
సాయంత్రం అవి నిలబడవు.
కిందటి అక్టోబరులో డేగ నీడ పడి
ఒక పోతు బెదిరి వలకు కొట్టుకుంది.
ఆ వారం ఆమె ఒక కిలో తక్కువ కొంది.
నేనేమీ అడగలేదు.

ఫిబ్రవరిలో ఇరవయ్యేడో పెట్టె గొడవ.
పోతు తరుముతుంది. దాని తీరే అంత.
ముద్దూ అదే, యుద్ధమూ అదే.
రెండు మూరల్లో పెట్ట ఎక్కడికని పోతుంది?
ఈ కొసకు వస్తే గోడ. ఆ కొసకు పోతే గోడ.
మెడ వెనక ఈకలు లేచిపోయాయి.
ఓడియెల్ మధ్యలో తీగ అడ్డం పెట్టాడు,
తీశాడు, మళ్లీ పెట్టాడు.
చివరికి కోటు కింద చిన్న డబ్బాతో వీధి దాటాడు.
ఇరవై ఏళ్లలో మొదటిసారి.
నేను త్రాసు దగ్గర నిలబడి చూశాను.

మే నెలలో పోతునూ తీసుకెళ్లాడు.
అక్కడా తరిమింది.
పెట్ట వెదురు చుట్టూ తిరిగి, గడ్డిలో దూరి,
అటునుంచి తేలింది.
పోతు ఒక్క క్షణం దారి తప్పి
కొమ్మమీద ఆగి
గొంతు విప్పింది.
ఓడియెల్ టోపీ తీశాడు. ఎందుకో అతనికే తెలీదు.

పిల్లలు నాలుగు.
టార్చి వేస్తే గూటి చీకట్లో
నోటి మూలల నీలిపూసలు వెలిగాయి,
తల్లి ముక్కు దారి తప్పకుండా పెట్టిన దీపాలు.
ఓడియెల్ జేబులో నాలుగు ఉంగరాలు.
ఎనిమిదో రోజు దాటితే కాలికి ఎక్కవు.
చెయ్యి పెడితే తల్లి గూడు విడుస్తుందేమో.
గుప్పిట మూశాడు. తెరవలేదు.

తర్వాత జూన్ వాన, ఆరు రోజులు.
రెండు పిల్లలు పోయాయి.
"నా అటకమీదైతే నాలుగూ బతికేవి" అన్నాడు.
నిజమే.
గోదెలీవ్ గిన్నె కడుగుతూనే ఉంది.
"నీ అటకమీదైతే గుడ్లే ఉండేవి కావు" అనొచ్చు.
అనలేదు.

మిగిలిన రెండూ ఎగిరాయి. నంబరు లేనివి.
పచ్చలో పచ్చగా కలిసిపోయి
ఇప్పుడు అతనికి కూడా ఆనవాలు దొరకదు.
ఆదివారాలు వెళ్లి వల దగ్గర నిలబడతాడు.
"అదా?" అంటాడు. "కాదేమో."

నిన్న కొర్రల బస్తా దింపడానికి అటకెక్కాను.
నేలమీద రంపం, చెక్కపొట్టు.
ఇరవయ్యేడుకీ ఇరవయ్యెనిమిదికీ మధ్య పలక లేదు.
రెండు మూరలూ రెండు మూరలూ కలిసి
బారెడయింది.
రెండు కార్డుల్లో ఏది ఉంచాలో తేలక
రెండూ ఒకే మేకుకు గుచ్చాడు.

"ఇదీ చాలదులే" అన్నాడు, నా వైపు చూడకుండా.
రసీదు రాసిచ్చి
దిగి వచ్చాను.